హిమేజి కోట గురించి మావాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నేనుండేది జపాన్‌లో, ఒసాకా పక్కన. ఇంటికి ఎవరొచ్చినా, చుట్టాలైనా ఆఫీసువాళ్లైనా, ఒక రోజు హిమేజి తీసుకెళ్లడం నా డ్యూటీ అయిపోయింది. ప్రతిసారీ అవే ప్రశ్నలు, అదే నిట్టనిలువు మెట్ల మీద ఆయాసపడుతూ నేను చెప్పే అవే జవాబులు. అందుకే ఒక ఆదివారం కూర్చుని అన్నీ రాసేశా. వరసగా చదవక్కర్లేదు, మీ డౌటు ఎక్కడుంటే అక్కడ చూసుకోండి.

ఇది ఎక్కడుంది? ఒసాకా కోట ఇదేనా?

కాదు కాదు. ఒసాకా కోట వేరు, ఇది వేరు. హిమేజి అనేది హ్యోగో రాష్ట్రంలో, కోబె ఊరికి పడమటి వైపు ఉన్న ఊరు. షిన్‌కాన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కితే షిన్ ఒసాకా నుంచి అరగంట. స్టేషన్ బయటికి రాగానే వెడల్పాటి రోడ్డు, ఆ రోడ్డు చివర గుట్ట మీద తెల్లగా కోట కనపడుతుంది, దారి అడగాల్సిన పనే ఉండదు, ముక్కుసూటిగా నడిస్తే పదిహేను ఇరవై నిమిషాలు.

ఇంకో పెద్ద తేడా ఏంటంటే ఒసాకాలో ఇప్పుడు మనం చూసే టవర్ 1931లో కాంక్రీటుతో కట్టింది, లోపల లిఫ్టు కూడా ఉంటుంది. హిమేజిది 1609 నాటి చెక్క కట్టడం. మన లెక్కలో చెప్పాలంటే చార్మినార్ (1591) కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఇంకా బతికుండగానే ఈ టవర్ పూర్తయింది. జపాన్‌లో పాతకాలం టవర్ అలాగే మిగిలిన కోటలు మొత్తం 12 మాత్రమే, వాటిలో ఇదే అన్నిటికంటే పెద్దది.

ఎప్పుడు కట్టారు? ఒక్కోచోట ఒక్కో సంవత్సరం రాశారేంటి?

ఎందుకంటే ఆ సంవత్సరాలన్నీ కరెక్టే. 1333లో అకమాత్సు నోరిమురా అనే ఆయన ఈ హిమెయామా గుట్ట మీద చిన్న కోటలాంటిది వేశాడు. 1346లో వాళ్లబ్బాయి సదానోరి దాన్ని సరైన కోటగా చేశాడు అంటారు. తర్వాత చేతులు మారుతూ కురోదా కుటుంబం దగ్గరికి వచ్చింది. 1580లో టొయొటోమి హిదేయోషి అనే సేనాని తీసుకుని మూడంతస్తుల టవర్ కట్టాడు (అప్పటికి ఆయన ఇంటిపేరు హషిబా, టొయొటోమి అనేది తర్వాత వచ్చింది, పేర్లు మార్చుకోవడం వాళ్లకి చొక్కా మార్చుకున్నంత తేలిక). ఇప్పుడు మనం ఫోటోలు తీసుకునేది మాత్రం ఆ టవర్ కాదు, దాన్ని తీసేసి 1601 నుంచి 1609 దాకా ఇకెదా తెరుమాసా కట్టించినది. కాబట్టి ఎవరైనా ఒక్క ముక్కలో అడిగితే 1609 అని చెప్పేయండి, కొంచెం తెలిసినవాళ్లు అడిగితే 1333 నుంచి మొదలుపెట్టండి.

కురోదా కాన్‌బే సొంత కోటని ఊరికే ఇచ్చేశాడంట, నిజమా?

ఇచ్చాడు, కానీ ఊరికే కాదు. కాన్‌బే పుట్టింది 1546లో, ఈ హిమేజిలోనే. ఆయన కుటుంబం కొదెరా అనే ప్రభువు తరఫున ఇక్కడ కోట చూసుకునేది. అప్పట్లో ఒదా నొబునాగా జపాన్ మొత్తాన్ని తన గుప్పిట్లోకి తెచ్చుకుంటూ, పడమటి వైపు బలంగా ఉన్న మోరి వంశం మీదికి హిదేయోషిని పంపాడు. ఎవరు గెలుస్తారో కాన్‌బేకి ముందే అర్థమైపోయింది. హిదేయోషి మికి అనే కోటని చాలాకాలం ముట్టడించి, లోపలివాళ్లని ఆకలితో మాడ్చి 1580లో గెలిచాడు, అక్కడే మకాం పెడదామనుకున్నాడు. అప్పుడు కాన్‌బే, అక్కడికంటే హిమేజి నయం, రోడ్లన్నీ ఇక్కడే కలుస్తాయి, నా కోట తీసుకోండి అన్నాడు. పెద్దాయన నీడలో చేరడానికి ఇచ్చిన పెట్టుబడి అనుకోండి. అది పండింది కూడా, వాళ్లబ్బాయి తర్వాత ఫుకుఓకాకి ప్రభువయ్యాడు.

1582లో ఇక్కడ ఏదో డబ్బులు పంచారంట కదా?

నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇది, కొంచెం సాగదీస్తా. 1582లో హిదేయోషి పడమటన ఇప్పటి ఒకాయామా దగ్గర తకమాత్సు అనే కోట చుట్టూ కట్ట కట్టించి, నది నీళ్లు మళ్లించి, కోటని నీళ్లలో ముంచి కూర్చున్నాడు. అంతలో క్యోటోలో హొన్నోజి గుడిలో నొబునాగాని సొంత సేనాని అకెచి మిత్సుహిదే వెన్నుపోటు పొడిచాడని కబురొచ్చింది. హిదేయోషి ఆ సంగతి శత్రువుకి తెలియకుండా దాచిపెట్టి, మోరి వాళ్లతో గబగబా సంధి చేసుకుని, సైన్యాన్ని వెనక్కి తిప్పి పరుగు పెట్టించాడు. మధ్యలో ఆగింది హిమేజిలోనే. ఇక్కడ కోటలో దాచిన బంగారం, వెండి, బియ్యం అంతా సిపాయిలకి పంచేశాడంటారు. అంటే ఇక ఈ కోటకి తిరిగొచ్చేది లేదు, గెలిస్తే దేశం మనది, ఓడితే ఈ బియ్యం ఎవరి కోసం అన్నట్టు. అక్కడి నుంచి వెళ్లి యామజాకి దగ్గర మిత్సుహిదేని ఓడించాడు, ఆ తర్వాత దేశానికే పెద్ద అయ్యాడు. పైకి ఎక్కినప్పుడు కిటికీలోంచి పడమటి వైపు చూసి ఆ దారినే వచ్చుంటారు కదా అనుకుంటా ప్రతిసారీ.

ఇప్పుడున్న కోట కట్టించిన ఇకెదా తెరుమాసాకి అంత డబ్బు ఎక్కడిది?

మామగారి చలవ. హిదేయోషి చనిపోయాక 1600లో సెకిగహారా యుద్ధం జరిగింది, టొకుగావా ఇయెయాసు గెలిచాడు. తెరుమాసా ఇయెయాసు అల్లుడు, యుద్ధంలో ఆయన వైపే ఉన్నాడు. అంతకుముందు ఆయన జాగీరు 1,52,000 కోకులు, యుద్ధం అయ్యాక హిమేజి చుట్టుపక్కల ఉన్న హరిమా ప్రాంతం మొత్తం, 5,20,000 కోకులు చేతికొచ్చాయి. కోకు అంటే బియ్యం కొలత, సుమారు 180 లీటర్లు, ఒక మనిషి ఏడాదంతా తినే బియ్యం అని లెక్క వేసుకునేవాళ్లు. అక్కడ ప్రభువు గొప్పతనం ఎకరాల్లో కాదు, బియ్యంలో కొలిచేవాళ్లు, గోదావరి జిల్లావాళ్లకి ఈ లెక్క వెంటనే ఎక్కుతుంది.

ఇది అల్లుడి మీద ప్రేమ ఒక్కటే అనుకోకండి. ఒసాకాలో అప్పటికింకా హిదేయోషి కొడుకు హిదేయోరి ఉన్నాడు, పడమటన మోరి లాంటి పాత శత్రువులున్నారు. ఆ ఇద్దరి మధ్యలో నమ్మకస్తుడు ఒకడు ఉండాలి, వాడి కోట చూడగానే అవతలివాడికి గుండె జారాలి. అందుకే అంత ఎత్తు, అంత తెలుపు. టవర్ ఒక్కటే ముప్పై మీటర్ల పైన, కింద రాతి కట్టు దాదాపు 15 మీటర్లు, అది మళ్లీ గుట్ట మీద. పెద్ద టవర్‌తో పాటు మూడు చిన్న టవర్లు, వాటిని కలుపుతూ వసారాలు. బయట నుంచి లెక్కపెడితే అయిదంతస్తులే, లోపల ఎక్కితే ఆరు, కింద ఇంకో నేలమాళిగ. మావాళ్లు ప్రతిసారీ బయట లెక్కపెట్టి లోపల కొట్టుకుంటారు ఇక్కడ.

పాపం అంత కష్టపడి కట్టించి తెరుమాసా నాలుగేళ్లకే, 1613లో పోయాడు. కొడుకు 1616లో పోయాడు. మనవడు చిన్నపిల్లాడు, ఇంత కీలకమైన చోట చిన్నపిల్లాడేంటని 1617లో వాళ్లని తొత్తోరికి పంపేశారు. కట్టించినవాళ్లకి దక్కింది అంతే.

ఇక్కడ యుద్ధాలు ఎన్ని జరిగాయి?

ఇప్పుడున్న ఈ కోట పెద్ద ముట్టడి ఒక్కటీ చూడలేదు. ఈ మాట చెప్పగానే చాలామంది మొహాలు వాడిపోతాయి, ఏదో గోల్కొండలా నెలల తరబడి ఫిరంగులు పేలిన కథ చెప్తాననుకుంటారు. అంత కట్టి, అన్ని ఏర్పాట్లు చేసి, ఎవరూ దాడికి రాకపోవడం వేస్టు అనుకుంటారు గానీ, కోట పని అదే కదా, చూసి వెనక్కి పోవాలి.

దగ్గరగా వచ్చింది ఒక్కసారే, 1868లో. ఇయెయాసు వంశం నడిపిన టొకుగావా ప్రభుత్వం కూలిపోతున్న టైమ్. అప్పటికి హిమేజి సకాయ్ వంశం చేతిలో ఉంది (1749 నుంచి వాళ్లే), వాళ్లు టొకుగావా వైపు. చక్రవర్తి తరఫున ఒకాయామా సైన్యం వచ్చి కోటని చుట్టేసింది. ఆ ఒకాయామా ప్రభువులు ఎవరో తెలుసా, ఇకెదా వంశం! తెరుమాసా వారసులు. తాతలు కట్టించిన కోట మీదికే మనవళ్లు ఫిరంగులు పెట్టారన్నమాట. కొన్ని ఫిరంగి గుండ్లు పేలాయి గానీ పెద్ద నష్టం ఏం లేదు, లోపలివాళ్లు గేటు తెరిచి లొంగిపోయారు. హ్యోగో రేవులో ఉండే కితాకజె అనే షావుకారు యుద్ధం ఆపడానికి లక్షా యాభై వేల ర్యోలు (అప్పటి డబ్బు) కట్టాడని కూడా చెప్తారు.

లోపలికి వెళ్లే దారి అలా తిప్పి తిప్పి ఎందుకు చంపుతుంది?

చంపడానికే. నిజంగానే. టవర్ ఎదురుగా కనపడుతూనే ఉంటుంది, దారి మాత్రం పక్కకి లాక్కుపోతుంది, ఒకచోటైతే టవర్‌కి వీపు చూపించి నడవాలి. కందకాలు కూడా మూడు చుట్లు, నత్తగుల్లలా మెలికలు తిరిగి ఉంటాయి. గేట్లకి మన అఆఇఈ లాగా వాళ్ల పాత అక్షరమాల వరసలో ఇ, రో, హా, ని అని పేర్లు. కొన్ని గేట్లు ఒక్కసారి ఒక్కడే, తల వంచుకుని దూరేంత చిన్నవి. తల వంచి దూరేవాడి మీద పైన చెక్కల సందులోంచి ఏమైనా చెయ్యొచ్చు.

మన గోల్కొండ చూసినవాళ్లకి ఈ తెలివి కొత్తేం కాదు. బాలాహిస్సార్ గేటు ముందు అడ్డంగా ఒక గోడ కట్టారు కదా, ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపు గుద్దకుండా, ఇదీ అదే బుర్ర. తేడా ఏంటంటే అక్కడ రాయి, ఇక్కడ చెక్కా సున్నం. ఇంకో తేడా, 1687లో గోల్కొండ గేటు లోపలివాళ్లే తెరిచారు డబ్బులు తీసుకుని. దానికి ఎన్ని మలుపులు పెట్టినా లాభం లేదు.

గోడల్లో గుండ్రం, ముక్కోణం, చదరం కన్నాలు ఏంటి? డిజైనా?

డిజైన్‌లాగే ఉంటాయి, పిల్లలు వాటిలోంచి ఫోటోలు తీయించుకుంటారు కూడా. నిలువుగా పొడుగ్గా ఉన్నవి బాణాలకి, గుండ్రం, ముక్కోణం, చదరం అయినవి తుపాకులకి. వత్తి ముట్టించి పేల్చే తుపాకులు అప్పటికి జపాన్‌లో బాగా వాడుకలో ఉన్నాయి. లోపలి వైపు వెడల్పు, బయటికి సన్నం, అంటే లోపలున్నవాడు తుపాకీ అటూ ఇటూ తిప్పుకోవచ్చు, బయటివాడికి మాత్రం గురి దొరకదు. ఇప్పటికీ దాదాపు వెయ్యి మిగిలున్నాయి. గోడ మూలల్లో కిందికి తెరుచుకునే సందులు ఉంటాయి, రాతికట్టు ఎక్కి వచ్చేవాడి నెత్తిన రాళ్లు వేయడానికి.

రాజుగారు పై అంతస్తులో ఉండేవాడా?

అందరూ అలాగే అనుకుంటారు. అక్కడ ఎవరూ కాపురం ఉండలేదు. టవర్ అనేది ఆయుధాలు, సామాన్లు పెట్టుకునే గోడౌన్, యుద్ధం ముదిరితే ఆఖరికి దూరే చోటు. లోపల గోడల నిండా తుపాకులు, ఈటెలు తగిలించే కొక్కేలు ఇప్పటికీ ఉంటాయి, మూలల్లో సిపాయిలు దాక్కునే చిన్న గదులు ఉంటాయి. ప్రభువు ఇల్లు కింద ఉండేది. టవర్ పక్కనే బిజెన్‌మారు అనే చోట ఉన్న భవనాలు 1882లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, అందుకే ఇప్పుడు అక్కడ ఖాళీ స్థలం, ఫోటోలకి మంచి చోటు.

నేలమాళిగలో మరుగుదొడ్లు కూడా ఉన్నాయి, ముట్టడి వస్తే రోజుల తరబడి లోపలే ఉండాలని. 1950ల్లో రిపేరు కోసం టవర్ మొత్తం విప్పినప్పుడు చూస్తే వాటిని ఎవరూ ఎప్పుడూ వాడిన గుర్తే లేదంట. యుద్ధం జరగలేదు అనడానికి ఇంతకంటే పక్కా సాక్ష్యం ఏం కావాలి చెప్పండి.

పై అంతస్తులో మాత్రం ఒకరున్నారు, ఒసకాబె దేవత. ఈ గుట్ట అసలు ఆ దేవతది, కోట కోసం గుడి పక్కకి జరిపారు, తెరుమాసాకి జబ్బు చేస్తే దేవత కోపమే అన్నారు, మళ్లీ గుడి కోటలోకి తెచ్చారు. ఇప్పుడు ఆరో అంతస్తులో చిన్న మందిరంలా ఉంటుంది, మా అమ్మ అక్కడ చేతులు జోడించి నిలబడితే వెనకాల క్యూ ఆగిపోయింది.

సెన్‌హిమే ఎవరు? అక్కడంతా ఆమె బొమ్మలే ఉన్నాయి.

ఇయెయాసు మనవరాలు. 1597లో పుట్టింది. ఆరేడేళ్లకే, 1603లో, హిదేయోషి కొడుకు హిదేయోరికిచ్చి పెళ్లి చేశారు, రెండు వంశాల మధ్య శాంతి కోసమని. శాంతి ఎక్కడ, 1615లో ఈమె తాతే ఒసాకా కోట మీదికి వెళ్లి తగలబెట్టాడు, భర్త, అత్త లోపలే చనిపోయారు, ఈమెని బయటికి తెచ్చారు. అప్పటికి పద్దెనిమిది పంతొమ్మిదేళ్లు. మరుసటి ఏడే హొందా తదాతోకితో మళ్లీ పెళ్లి చేశారు, 1617లో హొందా కుటుంబంతో పాటు హిమేజి వచ్చింది.

ఆమె ఖర్చులకని లక్ష కోకులు ఇచ్చారు, పేరేంటంటే అలంకరణ సొమ్ము, మన పసుపు కుంకుమల కింద ఇచ్చే పొలంలాంటిది అనుకోండి, కాకపోతే లక్ష మంది ఏడాది తిండి అంత. ఆ డబ్బుతోనే పడమటి వైపు నిషినోమారు అనే ఆవరణ, అందులో అలంకరణ బురుజు అనే గది కట్టారు. చెప్పులు విప్పి నడిచే పొడవాటి వసారా అక్కడే, ఒకవైపు వరసగా దాసీల గదులు. ఒక కూతురు పుట్టింది, తర్వాత కొడుకు పుట్టి మూడేళ్లకే పోయాడు, 1626లో భర్త కూడా ముప్పై ఒకటో ఏట పోయాడు. ఎదో నగరానికి (ఇప్పటి టోక్యో) వెళ్లిపోయి సన్యాసం తీసుకుంది, 1666 దాకా బతికింది. హిమేజిలో ఉన్న ఆ తొమ్మిది పదేళ్లే కాస్త సుఖపడిందంటారు. జనం ఎక్కువమంది టవర్ ఎక్కి దిగి వెళ్లిపోతారు, ఈ వసారా వదిలేస్తారు, నాకైతే ఇదే ఎక్కువ నచ్చుతుంది.

కోట పక్కకి ఒరిగిందని వడ్రంగి దూకి చచ్చిపోయాడంట?

కథ ఇలా ఉంటుంది. పెద్ద వడ్రంగి సకురాయ్ గెన్‌బే టవర్ పూర్తయ్యాక భార్యని తీసుకొచ్చి గర్వంగా చూపించాడు. ఆమె చూసి బాగుంది గానీ కొంచెం ఆగ్నేయానికి ఒరిగినట్టుంది కదండీ అంది. ఆడమనిషి కంటికే కనపడిందంటే తప్పు నిజమే అనుకుని, నోట్లో ఉలి కరుచుకుని పైనుంచి దూకేశాడు. (ఆ కాలం కథ, ఆ ఆడమనిషి కంటికే అన్న మాట నాది కాదు.)

వడ్రంగి దూకడం జనం చెప్పుకునే కథే గానీ ఒరగడం మాత్రం నిజం. 1950ల్లో విప్పి చూస్తే టవర్ నిజంగానే ఆగ్నేయానికి వాలి ఉంది. కానీ తప్పు వడ్రంగిది కాదు, కింద నేలది. గుట్ట మీద కొంత గట్టి రాయి, కొంత వేసిన మట్టి, దాని మీద 5,000 టన్నులకు పైగా బరువు, మెత్తగా ఉన్న వైపు రాతికట్టు కుంగింది. పాపం గెన్‌బే అనవసరంగా దూకాడు.

23 యెన్లకి అమ్మేశారనేది నిజమా?

23 యెన్ల 50 సెన్లు, కచ్చితంగా చెప్పాలంటే. చక్రవర్తి చేతికి అధికారం తిరిగొచ్చిన మెయిజి కాలం వచ్చింది, 1871లో జాగీర్లు రద్దయ్యాయి, సమురాయ్‌ల పనైపోయింది, కోటలు ఎవరికీ అక్కర్లేని పాత సామాను. 1873లో ప్రభుత్వం సైన్యానికి పనికొచ్చేవి ఉంచుకుని మిగతావి వదిలించుకోమంది. ఆ రోజుల్లోనే హిమేజిని వేలం వేస్తే కంబె సెయిచిరో అనే స్థానికుడు ఆ ధరకి పాడుకున్నాడని, పెంకులు, ఇనుము అమ్ముకుందామనుకుని, విప్పే కూలీ ఖర్చు లెక్కేసుకుని నోరు మూసుకుని వదిలేశాడని చెప్తారు. అంటే కోటని మొదట కాపాడింది కూలీ రేట్లు.

రెండోసారి కాపాడింది ఒక మిలిటరీ ఆఫీసరు. కోటలో సైన్యం దిగింది, టవర్ని మాత్రం పట్టించుకునేవాళ్లు లేరు, పెంకులు జారి గడ్డి మొలిచి పాడుబడిపోతోంది. 1878లో నకామురా షిగెతో అనే కర్నల్ తన పై అధికారి యమగాతా అరితోమోకి అర్జీ పెట్టాడు, హిమేజి, నగోయా కోటలు రెండూ కాపాడాల్సినవి అని. ఆయన పేరు మీద ఒక రాయి హిషి గేటు లోపలి పక్కన ఉంటుంది, అందరూ దాన్ని దాటుకుని పోతారు, ఒక్క నిమిషం ఆగండి అక్కడ. తర్వాత ఊరివాళ్లు కదిలి, ప్రభుత్వం 90,000 యెన్లు ఇచ్చి 1910లో రిపేరు మొదలైంది, 1912లో జనాన్ని లోపలికి వదిలారు.

రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడలేదా?

ఊరి మీద పడ్డాయి. 1945 జూన్‌లో ఒకసారి, జులై 3 రాత్రి తెల్లవారితే 4 అనగా ఇంకోసారి. రెండోసారి వేసింది నిప్పు బాంబులు, కోట చుట్టూ ఉన్న ఊరంతా బూడిదైంది. తెల్లటి కోట రాత్రిపూట కూడా మెరుస్తుందని ముందే నల్ల రంగు వేసిన వలలు కప్పారు. అయినా ఒక నిప్పు బాంబు పై అంతస్తులోకే పడింది, పడి పేలలేదు. అంతే, ఆ ఒక్క బాంబు పేలుంటే లోపలంతా చెక్కే కదా, గంటలో అయిపోయేది. పొద్దున లేచి పొగలో కోట నిలబడి ఉండటం చూసి జనం ఏడ్చారంటారు.

అదృష్టం ఎంత పెద్దదో తెలియాలంటే మిగతావి చూడండి. కర్నల్ గారు హిమేజితో పాటు కాపాడిన నగోయా కోట అదే ఏడు మేలో కాలిపోయింది. ఒకాయామా జూన్‌లో, వకాయామా జులైలో పోయాయి. హిరోషిమా కోట ఆగస్టు 6న అణుబాంబుకి కూలింది. అవన్నీ ఇప్పుడు కాంక్రీటులో మళ్లీ కట్టినవి. అమెరికావాళ్లు కావాలనే హిమేజిని వదిలేశారని కొంతమంది అంటారు, కప్పు మీద బాంబు పడిందంటే వదిలేసినట్టు ఎలా అవుతుందో నాకైతే అర్థం కాదు.

మొత్తం విప్పి మళ్లీ కట్టారంటున్నావ్, మరి అసలుది ఎలా అవుతుంది?

మా బావగారి ప్రశ్న ఇది, రైల్లో ఒసాకా దాకా వాదించాడు.

1956 నుంచి 1964 దాకా పెద్ద టవర్ని పై నుంచి కింద దాకా ప్రతి దూలం, ప్రతి చెక్క విప్పి, నంబర్లు వేసి, పాడైనవి మాత్రం మార్చి, మిగతావి మళ్లీ అవే చోట బిగించారు. కుంగకుండా కింద కాంక్రీటు పునాది వేశారు. జపాన్‌లో చెక్క కట్టడాలు అలాగే బతుకుతాయి, మనం రథం చక్రం పుచ్చితే చక్రం మారుస్తాం, రథం కొత్తదైందంటామా.

అందులో అసలు కథ స్తంభాలది. టవర్ మధ్యలో తూర్పున ఒకటి, పడమటన ఒకటి, రెండు మహా స్తంభాలు కింద నుంచి పై అంతస్తు నేల దాకా వెళ్తాయి, ఒక్కోటి దాదాపు 25 మీటర్లు, కింద మొదలు దగ్గర మీటరు మందం. తూర్పుది అడుగు మాత్రం మార్చి అలాగే వాడారు. పడమటిది పుచ్చిపోయింది, కొత్తది కావాలి. అంత పొడుగు, అంత లావు హినోకి (సైప్రస్ జాతి) చెట్టు ఎక్కడ దొరుకుతుంది, వెతికి వెతికి కిసొ లోయలో దొరికితే, అడవి నుంచి దింపుతుంటే దారిలో విరిగిపోయింది. పనివాళ్ల పరిస్థితి ఊహించుకోండి, టవర్ విప్పేసి ఉంది, నిలబెట్టడానికి స్తంభం లేదు. చివరికి హ్యోగోలోనే కసగాతా అనే గుడి చెట్టు ఒకటి ఇచ్చారు, కింది భాగం కిసొ చెట్టు, పై భాగం కసగాతా చెట్టు, మూడో అంతస్తు దగ్గర అతికించారు. లోపలికెళ్తే ఆ స్తంభం తాకి చూడండి. తీసేసిన పాత స్తంభం కోట ఆవరణలోనే పెట్టారు.

కప్పు అంచుల్లో గుండ్రటి పెంకుల మీద ముద్రలు కూడా గమనించండి. సీతాకోకచిలుక ఉంటే ఇకెదా వాళ్లది, పౌలోనియా ఆకు టొయొటోమి గుర్తు, మిగతా వంశాలవి వేరు. ఎవరి హయాంలో రిపేరు చేస్తే వాళ్ల ముద్ర, మన దగ్గర శిలాఫలకం వేసినట్టే.

అంత తెల్లగా ఎలా? పెయింటా?

సున్నం. కాల్చిన సున్నపురాయి, గవ్వల పొడి, నార, సముద్రపు నాచు ఉడకబెట్టిన జిగురు కలిపి పూస్తారు. మన పాత మేడలకి డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లు కదా, వాళ్ల బెల్లం ఆ నాచు అన్నమాట. అందం ఒక్కటే కాదు, చెక్క గోడకి, చూరు కింద కూడా పూసేది నిప్పు అంటుకోకుండా. పెంకుల సందుల్లో కూడా సున్నమే పెడతారు, అందుకే దూరం నుంచి కప్పు కూడా తెల్లగా కనపడుతుంది.

దీనికి తెల్ల కొంగ కోట, అంటే షిరసాగి జో అని ముద్దుపేరు. 2009లో మళ్లీ రిపేరుకి మూసి, టవర్ చుట్టూ ఇంకో పెద్ద షెడ్డు కట్టి, అందులో లిఫ్టు పెట్టి జనానికి పని చూపించారు కూడా. 2015 మార్చి 27న తెరిస్తే జనం నోరెళ్లబెట్టారు, మరీ తెల్లగా ఉందని. షిరసాగి జో కాస్తా షిరొసుగి జో అయింది, అంటే మరీ తెల్ల కోట అని ఎగతాళి. నిజానికి ఏళ్లుగా జనం చూసిన బూడిద రంగు బూజుది, కట్టినప్పటి రంగు ఈ తెలుపే. ఆ ఏడాది 28 లక్షల మందికి పైగా వచ్చారు. ఇప్పుడు మళ్లీ మెల్లగా రంగు దిగుతోంది, ఎగతాళి చేసినవాళ్లే ఇప్పుడు పాతబడింది అంటున్నారు.

దయ్యం బావి ఎక్కడ?

లోపలే, ఒకికు బావి. ఒకికు అనే దాసీ ప్రభువు మీద జరుగుతున్న కుట్ర బయటపెట్టిందని, కుట్రదారులు పగబట్టి పది పళ్లేల సెట్‌లో ఒకటి దాచి దొంగతనం అంటగట్టి, హింసించి బావిలో పడేశారు. రాత్రిళ్లు బావిలోంచి ఒకటి, రెండు, మూడు అని తొమ్మిది దాకా లెక్కపెట్టి ఏడ్చే గొంతు వినపడేదంట. ఇదే కథ టోక్యోలో ఇంకోలా చెప్తారు. బావిలో ఇప్పుడు చిల్లర నాణేలు ఉంటాయి, పైన జాలీ వేశారు.

గోడ రాళ్లలో శవపేటికలు ఉన్నాయంటే నమ్మచ్చా?

నమ్మండి. రాళ్లు చాలక పాత సమాధుల రాతి పేటికలు, గుడి రాతిదీపాలు, ఏది దొరికితే అది గోడలో పెట్టేశారు. బిజెన్ గేటు పక్కన నిలువుగా ఉన్న నున్నటి పొడుగు రాయి అలాంటి పేటికే. ఇంకోచోట వల కప్పిన చిన్న తిరగలి రాయి ఉంటుంది, రొట్టెలమ్ముకునే ముసలమ్మ హిదేయోషికి రాళ్లు చాలట్లేదని విని తన తిరగలి ఇచ్చిందని, అది చూసి ఊరంతా రాళ్లు తెచ్చిచ్చిందని కథ. రామాయణంలో ఉడతలాగా అని మా అత్తయ్య వెంటనే అంది.

యునెస్కో లిస్టులో ఎప్పుడొచ్చింది?

1993 డిసెంబర్. జపాన్ నుంచి మొదటి విడతలోనే, హొర్యూజి గుడితో పాటు. అంతకుముందు 1931లోనే జాతీయ సంపద హోదా ఉంది.

అమ్మానాన్నలు ఎక్కగలరా? ఎంతసేపు పడుతుంది?

తీరిగ్గా చూస్తే మూడు గంటలు. గేటు దగ్గర నుంచి టవర్ దాకా ఎత్తు నడక, లోపల లిఫ్టు లేదు, పై అంతస్తుల మెట్లు నిచ్చెనకి కొంచెం తక్కువ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద బిజెన్‌మారు దాకా వచ్చి, నిషినోమారు వసారా చూసుకుని ఆగిపోతే బెటర్, మా నాన్న అలాగే చేశారు. చెప్పులు విప్పి సంచిలో పట్టుకుని తిరగాలి, చలికాలం చెక్క నేల ఐసులా ఉంటుంది, మందం సాక్సులు వేసుకోండి. 2026 మార్చి నుంచి ఊరివాళ్లకి 1,000 యెన్లు, బయటివాళ్లకి 2,500 యెన్లు టికెట్, 18 లోపు పిల్లలకి ఫ్రీ. ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూలప్పుడు వెళ్తే మాత్రం పొద్దున్నే తెరవకముందే గేటు దగ్గరుండండి, పది దాటితే ఆ మెట్ల మీద ముందున్నవాళ్ల మడమలు తప్ప ఇంకేం కనపడదు.